మోర్న్ కొండ

వెనుకటి సంచికలో ధనుష్కోటిని గూర్చి నేను వ్రాసిన దానిని జదివి యొక సోదరి యిట్లు ప్రశ్నించినది: "సముద్రము చూడవలెనన్న మనకు భీమునిపట్టణము చాలదా? కొండ చూడవలెనన్న సింహాచలము లేదా? రెండును గలిసియున్న చోటు గావలెనన్న విశాఖపట్టణమున యారాడకొండ యున్నది గదా! దేశాంతరములకు బోయి యధికముగా జూచెడిదేమి?" ఈ ప్రశ్న సమంజసమైనదే. కేవలము కన్నులపండువు కొఱకైనచో యారాడకొండయే చాలును. నేనిప్పుడు వ్రాయబోవు కొండయు నందమునకు బ్రసిద్ధికెక్కినదే. అయినను దానిని జూచివచ్చినవారి మనస్సున నిలుచునది యందము గాదు. అందుచేతనే యీ సోదరి ప్రశ్నకు సమాధానముగా దానినే యెన్నుకొంటిని.

హిందూ మహాసముద్రమున, భూమధ్యరేఖకు దక్షిణముగా నిరువదియవ యక్షాంశమునకు జేరువను, మడగాస్కరు దీవికి దూర్పుదిక్కున మారిషస్ ద్వీపము గలదు. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. అగ్నిపర్వతములు సముద్రగర్భమునుండి క్రక్కిన శిలాద్రవము గట్టిపడి యేర్పడిన నేల యగుటచే నెక్కడ జూచినను నల్లరాయియే. ద్వీపమునకు దాదాపు చుట్టును బగడపు దిబ్బల వలయ మొకటి కోటగోడవలె నిలిచి, మహాసముద్రపు టలలను వెలుపలనే విఱుగగొట్టుచున్నది. ఆ గోడకును దీరమునకును నడుమ జిక్కిన నీరు లోతు తక్కువయై, కదలిక తక్కువయై, గాజుపలక వలె నడుగును జూపుచుండును. దీనినే యచ్చటివారు లగూను అందురు.

ఆ ద్వీపమునకు నైరృతిమూలను, సముద్రములోనికి జొచ్చుకొనిపోయిన భూభాగము మీద 556 మీటర్ల యెత్తున, అనగా మన పాతకొలతలో 1,800 అడుగులకు మించి, యొంటిగా లేచి నిలిచిన నల్లరాతికొండయే లె మోర్న్. దాని ప్రక్కలు పెక్కుచోట్ల గోడచెక్కినట్లు నిట్టనిలువుగా నున్నవి. సుందరకాండమును బారాయణము చేయు మనవారికి దానిని జూడగానే మైనాకుడు తలపునకు వచ్చుట సహజము. ఇంద్రుడు పర్వతముల ఱెక్కలు తెగగొట్టుచుండగా భయపడి సముద్రమున దాగినవాడు మైనాకుడు. ఆకాశమార్గమున బోవుచున్న హనుమంతునకు విశ్రాంతి నొసగుటకై నీటనుండి పైకి లేచినవాడును నతడే. భయపడి దాగుట, ఆశ్రయమొసగుట - ఈ రెండును మోర్న్ కొండ కథలోను గలవు.

పేరును గూర్చి యొక్కమాట. ఫ్రెంచిభాషలో 'మోర్న్' అను శబ్దమునకు రెండర్థములున్నవి. ఆ జాతివారు పాలించిన దీవులలో నది గుట్టకు బేరు. వారి స్వదేశమున వాడుకలో నున్న యర్థము 'దిగులుపడినది' యని. మన కవులలో నొక్కరైన నా ద్వీపమున బుట్టియుండినచో నీ శ్లేషను విడిచియుండెడివారు కారు. పేరు పెట్టినవారు గుట్టయను నర్థముతోనే పెట్టియుందురు. రెండవ యర్థమును దరువాతి చరిత్ర సంపాదించి పెట్టినది.

రాజధానియగు పోర్టు లూయీ నగరమునుండి కారులో గంటకు బైబడిన ప్రయాణము. పడమటితీరము వెంబడి పోవు నీ త్రోవలో దామరిన్ అను నూరు వచ్చును; మన చింతపండు పేరే యా యూరి పేరు. అచ్చట ఉప్పుమళ్లను జూచితిమి. తలపై నుప్పుగంపలతో బారులుగా నడచు స్త్రీల చాయాచిత్రములు ఆ దేశమున బ్రసిద్ధములు. ఉప్పుగంప బరువెంతయో మన నౌపడ ప్రాంతపు స్త్రీల కెవరును జెప్పనక్కఱలేదు. తామరిన్ దాటినపిమ్మట నల్లయేరు, లా గోలెత్ మొదలగు పల్లెలు. ఒకవైపు సముద్రము, వేఱొకవైపు కొండలు. ఆ దేశపు సాగునేలలో నధికభాగము చెఱకే యగుటచే జెఱకుతోట కనబడని ప్రయాణము మారిషస్ లో నుండదు. ఆ చెఱకే యీ కథ కంతటికిని మూలమని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

మాతోడ నాంధ్రసంతతికి జెందిన మామ్మగా రొకరు, ఆమె మనుమరాలగు తొమ్మిదేండ్ల బాలికయు వచ్చిరి. మామ్మగారి తెలుగు మన తాతమ్మల నాటి తెలుగు. నడుమ నడుమ నచ్చటి క్రియోలు మాటలు దొరలుచుండును. బాలికకు దెలుగున బద్యము వచ్చును గాని మాట రాదు. ఏమైన నడుగవలెనన్న నామె క్రియోలుభాషలో నడుగుట, మామ్మగారు దానిని మాకు దెనిగించుట - ఈ తీరున మా సంభాషణము సాగినది.

కొండ పాదమున దెల్లని యిసుకతీరము, సర్వితోపు. పగడములును గవ్వలును నలిగి పొడియైన యిసుక గావున మన సముద్రతీరపు టిసుకవలె బంగారువన్నె గాక, పిండివలె దెల్లగా నుండును. నీటిరంగులను వర్ణింపబూనిన బుట లెన్నైనను జాలవు. ఒడ్డున లేతకొబ్బరినీటి రంగు, పదియడుగులు దాటిన నావిరిగాజు రంగు, మఱికొంతదూరమున నెమలికంఠము, పగడపు గోడ వెలుపల గాటుకనీలము. అలలు విఱుగుచోట దెల్లని యంచు. చీర నేయువాని కీ సరిహద్దులను జూపినచో వాడు వెంటనే మగ్గము దగ్గఱకు బోవునేమో! నీటిమీద బలకలపై నిలిచి, పెద్ద గాలిపటముల లాగుడుతో నెగిరిపోవు యువతీయువకు లెందఱో కనబడిరి. ఈ యాటకు దూరదేశములనుండి యచ్చటికే వత్తురట. గాలి యంత యనుకూలము.

సముద్రములో జలపాతమున్నదని యీ చోటును గూర్చి చెప్పుకొనుట కలదు. చిత్రములలో జూచినవా రెందఱో నిజముగా సముద్రములో సముద్రము పడిపోవుచున్న దనుకొందురు. అట్టిదేమియు లేదు. లోతులేని తీరపుమెట్ట యంచునకు వచ్చుసరికి నడుగు హఠాత్తుగా లోతునకు దిగిపోవును. ఆ యంచుమీదినుండి యిసుకయు బంకమన్నును బ్రవాహపు లాగుడుచే జాఱుచుండగా, పైనుండి చూచువారికి జలపాతమువలె దోచును. విమానమునుండి చూచిన గాని కానరాదు. ఒడ్డున నిలిచినవారికి నీరు నీరే. దీనికొఱకు గొప్పధనమిచ్చి యాకాశయానము చేయువారున్నారు. మేము చేయలేదు, చేయలేదని చింతయు లేదు.

ఇంక కొండ కథ. తీరమునకు జేరువను రాతిశిల్పముల సముదాయ మొకటి గలదు. దానిని 2009లో నెలకొల్పిరి. బానిసలు కొనిరాబడిన దేశములను నయ్యవి జ్ఞప్తికి దెచ్చును. అంతకు ముందటి సంవత్సరము, 2008లో, యునెస్కో సంస్థవా రీ కొండను బ్రపంచవారసత్వ స్థలముగా బ్రకటించిరి. అది నీటిరంగులను జూచి యిచ్చిన గౌరవము గాదు.

మారిషస్ ద్వీపమున బూర్వము జనులు లేరు. 1638లో డచ్చివారు వచ్చి నివసించిరి, 1710లో విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారాక్రమించిరి, 1810లో నింగ్లీషువారు గెలుచుకొనిరి. ఎవరు పాలించినను బని చేసినవారు బానిసలే. మడగాస్కరునుండి, ఆఫ్రికా తూర్పుతీరమునుండి వారిని బట్టి తెచ్చి యమ్మిరి. మన దేశమునుండియు, కోరమండల తీరమునుండి సయితము, బానిసలను గొనిపోయిరని మనలో జాలమంది యెఱుగరు. నేను నా ద్వీపమునకు బోవువఱ కెఱుగను.

బానిసలను గూర్చి ఫ్రెంచిరాజు చేసిన శాసనము 1723లో నా ద్వీపమునకు వర్తింపజేయబడినది. అందలి విషయములను మన గృహములలో జదువుకొను పత్రికలో వ్రాయవచ్చునా యని తటపటాయించితిని. వ్రాయకున్న గొండ యర్థము గాదు గనుక వ్రాయుచున్నాను. ఒకనెల దినములు పాఱిపోయిన బానిసకు జెవులు గోసి, కాల్చిన యినుముతో భుజముపై ఫ్రెంచిరాజుల చిహ్నమగు లిల్లీపువ్వు ముద్ర వేయవలెను. రెండవమాఱు పాఱిపోయినచో మోకాలి వెనుక నరము తెగగోసి రెండవభుజమున ముద్ర. మూడవమాఱు మరణము. పువ్వును జూచి యొకడు గజగజలాడుట యెక్కడనైన విన్నామా?

ఆ శాసనముననే యింకొక విధి గలదు. అందు రక్తము లేదు, ఇనుము లేదు. నాకు మాత్ర మదియే యన్నిటికంటె గ్రూరముగా దోచినది. బిడ్డ యవస్థ తల్లి యవస్థ ననుసరించును. తండ్రి స్వతంత్రుడైనను దల్లి బానిసయైనచో బిడ్డ బానిసయే. మనయందు వంశము తండ్రినిబట్టి, గోత్రము తండ్రినిబట్టి, ఇంటిపేరు తండ్రినిబట్టి. లోకమున దల్లినిబట్టి బిడ్డకు సంక్రమించునది యేదైన నుండరాదా యని యెప్పుడైన నొక యాడది కోరుకొనియుండవచ్చును. ఆ ద్వీపమున దల్లినిబట్టి సంక్రమించినది సంకెల. గర్భవతియగు బానిసస్త్రీ తన కడుపున నున్నది తన యజమానుని యాస్తియని యెఱిగి తొమ్మిదినెలలు మోయవలెను. ఆవుకు దూడ పుట్టినప్పుడు మన మానందింతుము. ఆ యజమానుల యానందము నా జాతిదే.

ఇట్టి చోటనుండి పాఱిపోవుటకు ద్వీపమున దిక్కేమున్నది? నలువైపుల సముద్రము. చిన్నపడవ నెక్కి మడగాస్కరునకు బోవ యత్నించి నీటిపాలైనవారు గలరు. తక్కినవా రడవులను, గొండలను నాశ్రయించిరి. వీరికి మారోనులని పేరు. మోర్న్ కొండ వారికి సహజదుర్గమైనది. ఎక్కుట దుర్లభము, ఎక్కినపిమ్మట వచ్చువారిని దూరమునుండియే చూడవచ్చును, పైన గుహలున్నవి. ఆ గుహలలోను, శిఖరముపైని వారు చిన్నచిన్న నివాసము లేర్పఱచుకొని బ్రదికిరి. ఆ కొండ నెక్కి దాగినవారిలో బుట్టిన బిడ్డ యొక్కతెయైన నుండియున్నచో, ఆ బిడ్డను శాసనము బానిసయనినను నా కొండ యనలేదు.

ఇప్పుడు జనులు చెప్పుకొను కథ. ఇంగ్లండు పార్లమెంటు 1833లో జేసిన చట్టముచే మారిషస్ లో 1835 ఫిబ్రవరి 1వ తేదీని బానిసత్వము రద్దైనది. ద్వీపమున నప్పుడఱువదివేలకు బైబడిన బానిసలు గలరు. ఆ శుభవార్తను మోర్న్ కొండమీది వారికి దెలుపుటకై సిపాయిలు బయలుదేరిరట. క్రిందినుండి సిపాయిలు పైకి వచ్చుటను జూచి, తమ్ము బట్టుకొనుటకే వచ్చుచున్నారని తలచి, మరల సంకెలలో బడుటకంటె మరణమే మేలని యా మారోనులు కొండయంచునుండి సముద్రమువైపు దుమికి ప్రాణములు విడిచిరట.

మామ్మగారీ కథ చెప్పుచుండగా బాలిక నడుమ నడ్డుపడి యేమో యడిగినది. మామ్మగారు మాకు దెనిగించిరి: "వచ్చినవాళ్లు పైకెక్కడమెందుకూ, కిందనించే కేకేసి చెప్పకూడదా, అంటోందమ్మా."

మాలో నెవ్వరమును వెంటనే బదులు చెప్పలేకపోతిమి. కొంతసేపటికి మామ్మగారే యనిరి: "కేకేస్తే మాత్రం ఎవరు నమ్ముతారు తల్లీ? అన్నాళ్లనించీ వాళ్ల నోట వచ్చిన మాట ఒక్కటి నిజం ఉంటేగా!" బాలిక కిది తృప్తి కలిగించినట్లు లేదు. గవ్వలేఱుకొనుటకు బోయినది.

ఇట్లు జరిగినదని చెప్పు వ్రాతపత్రమేదియు జరిత్రకారులకు దొఱకలేదు. ఇది నోటినుండి నోటికి వచ్చిన కథ. చరిత్రగా జెప్పరాదు, కథగా జెప్పవచ్చును. అయితే వ్రాతపత్రములున్న చరిత్ర యీ కథకంటె నేమంత మెత్తనైనది గాదు. 1835లో విముక్తులైనవా రిండ్లకు బోవుటకు వీలులేదు. 'పని నేర్చుకొనువారు' అను పేరుతో మరల నా యజమానుల యొద్దనే పనిచేయవలెను. ఈ వింత విముక్తి 1839 వఱకు సాగినది. తరతరములుగా జెఱకు నఱకినవారికి నేర్పవలసిన పని యేమి మిగిలియుండెనో నాకు బోధపడదు. తమ యాస్తి పోయినందులకు యజమానులకు బ్రభుత్వమువారు నష్టపరిహారముగా నిచ్చినది సుమారు 20 లక్షల పౌనులు. బానిసలకు దమ్మిడీయైన ముట్టలేదు.

కొండ ప్రాంతమున బాతశ్మశాన మొకటి గలదు. 2010లో బురావస్తుశాస్త్రజ్ఞు లచ్చట ద్రవ్వి పరిశోధించిరి. అస్థులను బరీక్షింపగా నచ్చట బూడ్చబడినవారు మడగాస్కరు, మొజాంబికు సంతతివారని తేలినది. సమాధులలో నాణెములు, సీసాలు, మట్టితో జేసిన పొగగొట్టములు దొఱకినవి. పురిటికందుల యస్థులును దొఱకినవి. విముక్తికాలమునకు జేరువను, లేక దాని తరువాతను, ఆ తల్లులు తమ బిడ్డల నచ్చట నొప్పగించిరి. ఆ తల్లుల పేరు లేవియు దెలియవు. దుమికిరన్న కథకు సాక్ష్యము లేదుగాని వీరికి సాక్ష్యమున్నది. అయినను యాత్రికు లడుగునది యాకథనే. శ్మశాన మెక్కడని యడిగినవారిని నే నాదినమున నొక్కరిని జూడలేదు.

ఇందుమీద నాకొక యభిప్రాయము గలదు. చదువరులలో గొందఱకు నచ్చకపోవచ్చును. ప్రాణత్యాగమును బొగడుట మనకు మిక్కిలి పాతయలవాటు. అగ్నిలో దుమికిన సతులను, కోటపడగానే చితి పేర్చుకొనిన రాణులను గూర్చి మన కవులు వ్రాసినంతగా, కష్టములనోర్చి బ్రదికిన స్త్రీలను గూర్చి వ్రాయలేదు. మోర్న్ కొండ విషయమునను నదియే జరుగుచున్నది. దుమికిన యొక్కక్షణమును జెప్పి కన్నీరు కార్చుచున్నారే గాని, దానికి బూర్వ మా కొండమీద గడచిన దినముల నెవరును దలపరు. నీ రెక్కడనుండి తెచ్చుకొనిరి? నిప్పు వెలిగించిన బొగ క్రింది వారికి గనబడును గదా, వంట యెప్పుడు చేసికొనిరి? పసిబిడ్డ యేడ్చినచో నోరెట్లు మూయించిరి? వానలలో, తుపానులలో గుహలో నెవరికైన బురుడు వచ్చినచో మంత్రసాని యెవరు? నాకు వీరమన్న నిదియే వీరము.

"దుమికినవాళ్లు గొప్పవాళ్లు కాదంటావా అమ్మాయీ?" అని మామ్మగారు నన్నడిగిరి. గొప్పవారు గాదని నే ననలేదు. వారు బ్రదికియున్న యెడల నింకను బాగుండెడిదని మాత్రమంటిని. ఆమె తల యూపలేదు, అడ్డముగాను ద్రిప్పలేదు.

కొండకును మన తెలుగువారికిని సంబంధమేమని చదువరులు తలపవచ్చును. బానిసలు విడుదలైనపిమ్మట జెఱకుతోటలలో బని చేయువారు గావలసివచ్చిరి. 1834 నుండియే మన దేశమునుండి యొడంబడికకూలీలను రప్పింప నారంభించిరి. తరువాతి కాలమున మొత్తము నాలుగున్నర లక్షలకు బైబడిన వారు వచ్చి దిగిరి. అందు దెలుగువారు గోదావరీముఖమునందలి కోరంగిరేవు పేరున 'కోరంగీలు' అని పిలువబడిరి. పురుషునకు నెలకైదు రూపాయల జీతము, అయిదేండ్ల యొడంబడిక. ఒకదినము పనికి రాకున్న రెండుదినముల కూలి విఱుగగొట్టుట యచ్చటి యాచారము. ప్రతివానికిని సంఖ్య, 1867 తరువాత చాయాచిత్రముతో గూడిన చీటి వెంటలేనిదే రోడ్డుమీద దిరుగరాదు. తోట విడిచి పాఱిపోయిన కూలీని గూడ మారోను అనుమాటతోనే పిలిచిరి. బానిసత్వము పోయినను మాట మిగిలియున్నది!

"వాళ్లు వదిలేసి పోయిన చేలల్లోకే మనవాళ్లు దిగారమ్మా," అని మామ్మగారనిరి. "చిన్నప్పుడు మా నాయనమ్మ ఆ కొండకేసి వేలు చూపించనిచ్చేది కాదు. చెయ్యి జోడించమనేది. ఎందుకని అడిగితే, ముందొచ్చిన పెద్దలమ్మా అనేది." ఆ ముందు వచ్చినవారు ఆఫ్రికావారు, తాము తెలుగువారు, ఆ నాయనమ్మ కాభేదము తోచలేదు. తెలుగునే గాక, రామభజనను, సింహాద్రి యప్పన్న పూజను, అమ్మోరి పండుగను గాపాడుకొని వచ్చినదియు నట్టి నాయనమ్మలే. నేడు మారిషస్ లో నుగాది ప్రభుత్వపు సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ లచ్చటనే జరిగినవి.

కొండ నెక్కుటకు దారి గలదు. ముందటిభాగము చెట్లనీడను మెల్లగా నెక్కు కాలిబాట. చీర కుచ్చెళ్లు కొంచె మెగగట్టుకొని నేనును జూడదగిన మెట్ట వఱకు బోయితిని. అచ్చటనుండి లగూను, పగడపుగోడ, దాని వెలుపలి మహాసముద్రము నొక్కచూపున గనబడును. ఆపై నున్నది నడక గాదు, చేతులతో బట్టుకొని రాళ్ల కెగబ్రాకుట. యువజనులు మార్గదర్శకుని వెంటబెట్టుకొని పోవుదురు. మొత్తము పోయివచ్చుటకు మూడునాలుగు గంటలు. ఎండ ముదురకముందే బయలుదేరవలెను. వానపడిన మఱునాడు రాయి జాఱును గనుక పోరాదు. గుడ్డబూట్లు లేక యెవరును సాహసింపరాదు.

ఈ కొండమీద దక్క లోకమున మఱెక్కడను సహజముగా బెరుగని పూలపొద యొకటి గలదు. దానిపేరు త్రోకేసియా. ఎఱ్ఱని చిన్నగంటలవంటి పువ్వులు క్రిందికి వ్రేలాడుచుండును. ఫ్రెంచివారు దానిని 'చెవిపోగు' అని పిలిచిరి; మనమైనచో జూకాలపువ్వు అనియుందుము. సాధారణముగా బూదేనె నీటివలె నుండునుగదా, దీని తేనెకు రంగుగలదు. ఆ రంగును జూచి బల్లులు వచ్చి త్రాగి పుప్పొడి మోయునని శాస్త్రజ్ఞులందురు. మారిషస్ గణరాజ్యమైన 1992వ సంవత్సరముననే దీనిని జాతీయపుష్పముగా నేర్పఱచుకొనిరి. రెండువందల యేండ్లకు బూర్వము కొండమీద దాగిన స్త్రీలలో నెవరైన దీనిని జెవిలో దుఱుముకొనియుందురా? శాసనము చెవులు మిగిల్చియున్నచో దుఱుముకొనియే యుందురు.

సాయంకాలము తీరమున గొందఱు సేగా పాడిరి. ఇది బానిసలు సృష్టించుకొనిన పాట, ఆట. మేకతోలు బిగించిన రవాన్ అను పెద్దపలకవాద్యమును ముందుగా మంటయొద్ద గాచి, తోలు బిగిసినపిమ్మట వాయింతురు. మన డప్పును వెచ్చజేయుట జ్ఞాపకమునకు వచ్చినది. ఆడువారు వెడల్పైన పరికిణీలంచులు పట్టుకొని, పాదములు నేలనుండి యెత్తకుండ జఱుపుచు నాడుదురు. కాళ్లకు సంకెల లుండుటచేతనే యాట యట్లేర్పడినదని కొందఱు చెప్పుదురు. ఇసుకమీద నాడుటచేతనని వేఱుకొందఱు. 2014లో యునెస్కోవారు సేగాను మానవజాతి వారసత్వములలో జేర్చిరి. మామ్మగారి మనుమరాలు బిడియపడక పోయి వారితోగలిసి యాడినది.

పోదలచినవారి కొఱకు గొన్ని వివరములు. ఋతువు లచ్చట మనకు దలక్రిందులు: నవంబరునుండి యేప్రిలు వఱకు వేసవి, జనవరి మొదలు మార్చి వఱకు దుపానుల భయము. మే నెలనుండి యక్టోబరు వఱకు చల్లగా నుండును. చలి మనము భయపడునంతటిది గాదు. జూకాలపువ్వును జూడవలెనన్న నా చల్లని కాలముననే పోవలెను. ఫిబ్రవరి 1వ తేదీ ద్వీపమంతటను సెలవు. ఆదినమున గొండ పాదమున జనులు కూడుదురు. ఆ సమయమున బోవువారు తుపాను వార్తలను విచారించుకొనవలెను. లగూనులో మోకాలిలోతున బిల్లల నాడనీయవచ్చును గాని పగడపుగోడ తెగినచోట్ల నీటిలాగుడు బలము, అచ్చటికి బోనీయరాదు. కాళ్లకు బగడపుపలుకులు, సముద్రపు ముండ్లకాయలు గ్రుచ్చుకొనును గనుక నీటిలో దిగునప్పుడు గూడ రబ్బరుచెప్పులుండవలెను. బ్రదికియున్న పగడములను, పెద్ద శంఖములను దెచ్చుకొనరాదు. ఒడ్డున దొరకు మామూలు తినుబండములలో, మిరపకాయలు నలుగగొట్టి పప్పుతో జేసిన చిన్నవడ లున్నవి; వానిని గాతో పిమాఁ అందురు. మన మసాలావడకు జెల్లెలే.

అట్లే పోర్టు లూయీ రేవున, మనవారు పడవదిగి యెక్కిన పదునాఱు రాతిమెట్లు గల యాప్రవాసి ఘట్టమును జూడక రారాదు. మోకా అను నూరిలోని మహాత్మాగాంధీ సంస్థయందు వలసవచ్చినవారి సంఖ్యలును, చాయాచిత్రములును భద్రపఱుపబడియున్నవి. మామ్మగారి పూర్వుని చిత్ర మచ్చటనే చూచితిమి. దానిని గూర్చి వచ్చు సంచికలో.